మాగాయి జాడీ ఎవరు తీశారు?

పనసగుడ,
అరకు దగ్గర.
6 డిసెంబరు 1998

నూకరత్నం,

నీకు ఉత్తరం రాసి ఏడాది దాటింది. తిట్టుకునే ఉంటావు. ఆ తిట్లు జవాబులో రాయి, ముందు నా కష్టం విను.

నాకు మా ఊళ్ళోనే ఉద్యోగం వచ్చింది. ఆడవాళ్ళకి చదువు చెప్పే కేంద్రం. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటి మనిషిని నేనే కదా, ఇప్పుడు ఊరికంతటికీ నేనే చెప్పాలట. మధ్యాహ్నం కాఫీ కళ్ళం దగ్గర, పాడైన నల్లగింజలు ఏరి పారేస్తూ వింటారని అక్కడే పెట్టాను. రిజిస్టర్లో ఇరవై ఇద్దరి పేర్లున్నాయి. వచ్చేది ముగ్గురు. ఒకరు మా అమ్మ, ఎవరూ రాకపోతే నేను ఏడుస్తానేమోనని వస్తుంది. ఒకరు సోని ముసలమ్మ. ఆవిడకి చూపు ఆనదు, పలక మీద అక్షరం చూపిస్తే "ఉందిలే, ఏదో ఉందిలే" అంటుంది. నా గొంతు బాగుంటుందని వస్తుందట. మూడో మనిషి చిట్టెమ్మ. ఆవిడ నన్ను ఏడిపించడానికి వస్తుంది.

మొదటి పాఠం 'ఆవు గడ్డి తింటుంది'. నేను చదవగానే చిట్టెమ్మ అంది కదా, "ఆవు గడ్డి తింతాదని నాకు తెల్దేటి? రోజూ ఏసేది నానే. పొస్తకం అన్నాక నాకు తెల్నిది సెప్పాల."

నేను రెండో పాఠం తీశాను.

మా సూపర్వైజరు గోపాలకృష్ణ గారు మొన్న మోటారుసైకిల్ మీద వచ్చి గట్టిగా చెప్పి వెళ్ళారు. మార్చి ఆఖర్లో పరీక్ష. పదిహేను మంది చదవగలగాలి. పద్నాలుగైనా కేంద్రం మూసేస్తారట. మూసేస్తే నేను విశాఖపట్నంలో మా చిన్నాన్న చూసిన బట్టలకొట్టులో చేరాలి. బట్టలు మడతపెట్టడం నాకు చేతకాదని నీకు తెలుసు, హాస్టల్లో నా మంచం చూశావు.

మీ అద్దె పుస్తకాల షాపులోంచి వీళ్ళు వినేది ఏదైనా పంపు. ప్రేమకథలు వద్దు, నవ్వుతారు. నెత్తురు కారేవి అసలే వద్దు, మా ఊళ్ళో ఏ తలుపుకీ గడియ లేదు.

నీ
రాజులమ్మ


శృంగవరపుకోట,
14 డిసెంబరు 1998

ఒసే టీచరమ్మా,

తిట్లు రాయడానికి ఇన్‌లాండ్ కవరు సరిపోదు కనుక వదిలేశాను. నీ ఉత్తరం మా నాన్నకి చదివి వినిపించాను. "అరకులో మనం ఉప్పూ ఎండుచేపలూ అమ్మినన్నాళ్ళు ఆ గుంట ఒక్కనాడు బేరమాడలేదు, పంపు" అన్నాడు. అంటే నీకు అద్దె లేదు.

పార్సిల్లో ఉన్నది 'మాయమైన మాగాయి జాడీ'. పరిశోధకురాలు తాయారమ్మ గారు, రిటైరైన పోస్టుమాస్టరు. ఆవిడ మీద ముప్ఫై ఒక్క నవలలున్నాయి, ఒక్కదాంట్లోనూ శవం లేదు. ఆవిడకి తుపాకీ లేదు, గొడుగు ఉంది. ఎవరింట్లో ఏం పోయినా వెళ్ళి కూర్చుని, కాఫీ తాగి, ప్రతివాళ్ళనీ మూడే ప్రశ్నలు అడుగుతుంది. ఏం తిన్నారు? ఎవరు వడ్డించారు? కంచం ఎవరు కడిగారు? అంతే, దొంగ దొరుకుతాడు. తొమ్మిదో తరగతిలో సోషల్ పుస్తకం వెనక పెట్టి నేను చదివింది ఇదే. టీచరు పట్టుకుని, నన్ను బయట నిలబెట్టి, ఆవిడ చదువుకుంది.

షాపు నియమాలు. పేజీ మడవకూడదు. అన్నం తింటూ చదవకూడదు. చదివినవాళ్ళు చదవనివాళ్ళకి ముగింపు చెప్పకూడదు. మూడోది తప్పితే మా నాన్న సభ్యత్వం రద్దు చేస్తాడు. ఒక్కటే కాపీ ఉంది, జాగ్రత్త.

నూకరత్నం


పనసగుడ,
3 జనవరి 1999

నూకరత్నం,

పందొమ్మిది మంది! రిజిస్టర్లో పేరు లేనివాళ్ళు కూడా వస్తున్నారు. చిట్టెమ్మ మొగుడు గాసి వారం నుంచి మా కంచె అవతల ఒకటే కర్రని పాతుతున్నాడు, పీకుతున్నాడు, మళ్ళీ పాతుతున్నాడు. నేను గొంతు తగ్గిస్తే "గట్టిగా సదవమ్మీ" అని అరుస్తాడు, ఆ తర్వాత అక్కడ లేనట్టు నటిస్తాడు.

మొదట పెద్ద చిక్కొచ్చింది. మాగాయి అంటే ఏమిటో ఇక్కడెవరికీ తెలియదు. మామిడికాయని ఎండబెట్టి, ఊరబెట్టి, మళ్ళీ ఎండబెట్టి చేస్తారని నేను చెబితే, "అన్నిసార్లు ఎండబెట్టినోలు కాపలా కూకోనేదేటి?" అని చిట్టెమ్మ అడిగింది. తాయారమ్మ గారు ఆ ప్రశ్న నాలుగో అధ్యాయంలో గాని అడగలేదు.

కథ నీకు తెలిసిందే. పెళ్ళి ఇల్లు. బామ్మగారి జాడీ మాయం. వంటాయన మీద అనుమానం, పెళ్ళికొడుకు మేనమామ మీద అనుమానం, కడుపుతో ఉన్న చిన్నకోడలి మీద అనుమానం. చిన్నకోడలి పేరు రాగానే అందరూ ఒకేసారి తీర్పు చెప్పేశారు, కడుపుతో ఉన్న మనిషి తింటే అది దొంగతనం కాదట. అక్కడితో ఆమెని వదిలేశారు.

నాకు కొత్తగా తెలిసింది ఒకటి చెబుతాను. దొంగ ఎవరో కనుక్కోవడమే గొప్ప అని మనం అనుకుంటాం. వీళ్ళకది గొప్ప కాదు. మా ఊళ్ళో ముప్ఫై నాలుగు ఇళ్ళు, ఎవరి కోడి ఎవరింట్లో ఉడుకుతోందో వాసనకే తెలుస్తుంది. తెలిశాక ఆ మనిషితో ఎలా చెప్పాలి, మర్నాడు బావి దగ్గర మొహం చెల్లేలా ఎలా చెప్పాలి, అదీ కష్టం. తాయారమ్మ గారు అది చేస్తుందని వీళ్ళకి ఆవిడంటే అంత గౌరవం. సోని ముసలమ్మ నిన్న అంది, "ఇలాటి కద నాకిట్టం గుంటా. ఎవులూ సావరు. పోయింది దొరుకుతాది. ఆకర్న అందరూ కూకోని అన్నం తింతారు."

నేను ఒక ఎత్తు వేశాను. తొమ్మిది అధ్యాయాలు నేను చదివి వినిపిస్తాను. పదోది వాళ్ళే చదువుకోవాలి. ఇప్పుడు అక్షరాలు కూడా కథలోంచే చెబుతున్నాను. అ అంటే అనుమానం. ఆ అంటే ఆధారం. మార్చిలోగా కథ అయిపోవాలి, కథతోపాటు చదువూ అయిపోవాలి అని అందరికీ చెప్పాను. నా తెలివికి నేనే మురిసిపోతున్నాను.

రాజులమ్మ


శృంగవరపుకోట,
15 జనవరి 1999

టీచరమ్మా,

మురిసిపో, ఎవరొద్దన్నారు. ఈ సీసాలో మా అమ్మ పెట్టిన మాగాయి ఉంది. తలొక ముక్క పెట్టు. ఆధారం నాలిక మీద ఉంటే చదువు బాగా వస్తుంది.

ఇక్కడ కూడా ఒక కేసు నడుస్తోంది. మా నాన్న రోజూ పుస్తకాల గోడని టేపుతో కొలుస్తున్నాడు. ఎందుకని అడిగితే "ఊరికే" అంటాడు. నిన్న రెండుసార్లు కొలిచాడు. తాయారమ్మ గారయితే ఈపాటికి కాఫీ అడిగి ఉండేది. నేను అడగలేదు.

నూకరత్నం


పనసగుడ,
14 ఫిబ్రవరి 1999

నూకరత్నం,

నన్ను క్షమించు. ముందే చెప్పేస్తున్నాను. పుస్తకంలో ఆఖరి అధ్యాయం లేదు. నూట యాభై ఒకటో పేజీ నుంచి చివరిదాకా ఎవరో కోసేశారు.

పలకల పెట్టెలో పెట్టాను. తాళం వేయలేదు, మా ఊళ్ళో తాళం అనేది ఒక్క దుకాణానికే ఉంది. నిన్న తొమ్మిదో అధ్యాయం అయింది, ఆగినచోట పుల్ల పెట్టి మూశాను. తాయారమ్మ గారు అందరినీ హాల్లో కూర్చోబెట్టి "జాడీ ఎక్కడుందో నాకు తెలుసు" అంది. ఈరోజు నుంచి వాళ్ళు చదవాలి. పెట్టె తెరిస్తే ఇదీ సంగతి.

ఏడవలేదు. పరిశోధన మొదలుపెట్టాను. ఇంటింటికీ వెళ్ళి ఆ మూడు ప్రశ్నలూ అడిగాను. అడగకుండా ఉండాల్సింది. మా వాళ్ళు ఏం తిన్నారో చెప్పమంటే పొద్దున గంజితో మొదలుపెట్టి ఎవరి పొలంలో రాగులో కూడా చెబుతారు. గాసి అన్నాడు, "ఏటి తిన్నానో గేపకం నేదు గాని, కంచం మట్టుకు నానే కడిగినాను." అది అబద్ధమని చిట్టెమ్మ వీధిలోకి వచ్చి అరిచింది. నిజంగా కడిగితే ఇప్పుడు కడిగి చూపించమంది. పాపం, కడిగాడు. అది చూసి పక్కింటి కనక తన మొగుణ్ణి కూడా కడగమంది. సాయంత్రానికి మూడిళ్ళలో గొడవ. పేజీలు మాత్రం దొరకలేదు.

చిత్రం ఏమిటంటే, నేను ఇంత గాభరా పడుతుంటే సోని ముసలమ్మ వచ్చి నా భుజం తట్టి, "ఎక్కడికీ పోవులే గుంటా, ఆకులేటి ఎగిరిపోడానికి" అని వెళ్ళిపోయింది.

పరీక్షకి నెలన్నర కూడా లేదు. ముగింపు చదవచ్చన్న ఆశ మీదే వీళ్ళు గుణింతాల దాకా వచ్చారు. అది లేకపోతే మళ్ళీ ఆవూ గడ్డే. నీకు ముగింపు తెలుసు కదా. నియమం తప్పు, పర్వాలేదు, రాసి పంపు. బతిమాలుతున్నాను.

రాజులమ్మ


శృంగవరపుకోట,
22 ఫిబ్రవరి 1999

రాజులూ,

నీ కోసం నియమం తప్పుతున్నాను. మా నాన్నకి తెలియనివ్వకు.

ఇదిగో ముగింపు. దొంగ వంటాయన. జాడీని పొరుగూరి హోటలుకి అమ్మేశాడు. తాయారమ్మ గారు వేలు చూపించగానే తలుపు చాటు నుంచి ఇన్‌స్పెక్టరు బయటికి వచ్చి, "నీ ఆట కట్టింది" అని బేడీలు వేశాడు. వంటాయన కుమిలి కుమిలి ఏడ్చాడు. పెళ్ళి ఘనంగా జరిగింది. సమాప్తం.

పెద్ద అక్షరాలతో వేరే కాగితాల మీద కూడా రాసి పెట్టాను. వాళ్ళచేత చదివించు.

నూకరత్నం


పనసగుడ,
7 మార్చి 1999

నూకరత్నం,

నువ్వు అబద్ధమాడావు. ఆ సంగతి నేను కనిపెట్టలేదు. మా ఆడవాళ్ళు కనిపెట్టారు.

నీ కాగితాలు చిట్టెమ్మ చదివింది. కూడబలుక్కుని, చెమట పట్టి, అరగంట చదివింది. 'బేడీలు' దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. "ఇది ఆయమ్మ రాసింది కాదు" అంది.

"ఎందుకని?" అన్నాను.

"మూడో అద్దాయంలో వంటాయన తాయారమ్మకి పనసపొట్టు కూర ఒండి పెట్టినాడు. ఆయమ్మ మారు ఒడ్డించుకుంది. కడుపునిండా తిని ఆడికి బేడీలేయిత్తాదేటి? ఇది రాసినోలెవులో గాని మనసులో ఏదో కోపముంది."

కనక అంది, "మరీ, తలుపు సాటునుంచి పోలీసోడు వత్తే పెల్లింట్లో పిల్లలు జడుసుకోరూ?"

ఇంక అందరూ కలిసి నీ వంటాయన్ని విడిపించారు. నీకు ముగింపు గుర్తులేదని చెబితే సరిపోయేది కదే. ఏ కోపం మీద రాశావో మాత్రం నాకు చెప్పు.

ఇంకో మాట. పేజీలు ఎవరు తీశారో నాకు తెలిసింది.

కోసిన అంచు మీద మసి వేలిముద్ర ఉంది. కోత బ్లేడుది కాదు, కంకులు కోసే వంకర కత్తిది. మా ఊళ్ళో ఏ పంటా పూర్తిగా తినరు. మంచి కంకులు ముందే కోసి, బుట్టలో పెట్టి, పొయ్యి పైన కడతారు. పొగకి పురుగు పట్టదు. చైత్రంలో మా విత్తనాల పండుగ, ఇటుకల పండుగనాడు దించేదాకా ఎంత ఆకలేసినా ఆ బుట్ట ముట్టరు. ఊరందరి విత్తనాలకీ సోని ముసలమ్మే పెద్ద. చేతులెప్పుడూ మసే.

అడగలేదు. అడిగితే ఆవిడ మళ్ళీ కళ్ళానికి రాదు. తాయారమ్మ గారు ఏం చేస్తుందా అని ఆలోచించి, గింజలు ఏరుతూ ఎవరివైపూ చూడకుండా అన్నాను, "ఆ పేజీలు ఎవరి దగ్గరున్నా, తడవకుండా ఉంటే చాలు."

ముసలమ్మ వెంటనే, "తడవ్వులే. పొగలో ఉన్నోటికి తడేటి" అంది.

అప్పుడు అందరూ నల్లగింజలు ఎంత శ్రద్ధగా ఏరారంటే, నాలుగు మంచి గింజలు కూడా పారేశారు.

రాజులమ్మ


శృంగవరపుకోట,
16 మార్చి 1999

రాజులూ,

మీ చిట్టెమ్మకి నా దండాలు. చదివి పదేళ్ళయింది, ముగింపు మర్చిపోయాను. కోపం కూడా నిజమే.

మా నాన్న గోడ ఎందుకు కొలిచాడో ఆ వారమే తెలిసింది. అక్కడ జిరాక్సు మిషను వస్తోంది. పుస్తకాలు ఏప్రిల్ ఆఖరుకి తీసేయాలి. పకోడీల బండి పెట్టుకున్న రత్నాలు పొట్లాలకని తూకానికి అడిగింది. నాన్న నాకు చెప్పలేక టేపు పట్టుకుని తిరిగాడు. అద్దెకి తీసుకెళ్ళేవాళ్ళు రోజుకి ఇద్దరు కూడా లేరు, ఆయన తప్పు కాదు. అందుకే ఎవరో ఒకరికి బేడీలు వేయాలనిపించింది. వంటాయన దొరికాడు.

ఆ పుస్తకం తిరిగి పంపక్కర్లేదు. ఇక్కడికొస్తే పకోడీలకే.

సోని ముసలమ్మకి మా నాయనమ్మ కళ్ళజోడు పంపుతున్నాను. ఒక కాడ లేదు, దారం కట్టుకోమను.

నూకరత్నం


పనసగుడ,
28 మార్చి 1999

నూకరత్నం,

నిన్న పరీక్ష అయింది. వరసగా చెబుతాను, లేకపోతే నాకే అర్థం కాదు.

గోపాలకృష్ణ గారు కుర్చీలో కూర్చుని పలక మీద అ రాసి, "ఇదేంటమ్మా?" అన్నారు.

"అనుమానం!" అన్నారు అందరూ.

"ఆ?"

"ఆధారం!"

ఆయన నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను. చిట్టెమ్మకి వాచకం ఇచ్చారు. 'ఆవు గడ్డి తింటుంది' అని తడుముకోకుండా చదివి, పుస్తకం కింద పెట్టి, ఆయన్నే అడిగింది. "ఎవులి ఆవు బాబూ? ఎవులి గడ్డి?"

"ఏ ఆవైతే ఏంటమ్మా?"

"పక్కోడి గడ్డయితేనే కదా కద. నేపోతే ఇందులో ఏటున్నాది?"

సాయంత్రానికి పద్నాలుగు మంది చదివారు. పద్నాలుగు! మిగతావాళ్ళు తడబడ్డారు. ఇక మిగిలింది సోని ముసలమ్మ ఒక్కతే. నీ కళ్ళజోడు దారంతో చెవికి కట్టుకుని వచ్చింది. వాచకం తీసుకుని తిప్పి చూసి, "ఇది సదవను. నాది నాకున్నాది" అని ఇచ్చేసింది. ఎంత బతిమాలినా ససేమిరా అంది. రూలు రూలే అన్నారు సూపర్వైజరు గారు. రిజిస్టరు మూశారు. నాకు విశాఖపట్నం బట్టలకొట్టు కళ్ళముందు కనిపించింది.

అంతలో వాన. మోటారుసైకిల్ కదలదు. మా అమ్మ కాఫీ ఇచ్చింది. ఊసుపోక ఆయన మన మాగాయి జాడీ పుస్తకం చేతిలోకి తీసుకున్నారు. వాన వెలిసింది. ఆయన లేవలేదు. రెండో కాఫీ అయింది. ఆయన లేవలేదు. చివరికి ఉలిక్కిపడి, "ఆఖరి పేజీలేవమ్మా?" అన్నారు.

అందరూ సోని ముసలమ్మ ఇంటి చూరు వైపు చూశారు.

"ఇత్తనాల బుట్టలో ఉన్నాయి బాబూ" అంది సోని ముసలమ్మ తాపీగా. "కదైపోతే సదువూ అయిపోద్దని ఈ గుంటే సెప్పినాది. సదువైపోతే బడెత్తేత్తారు. ఏటి కావాలన్నా ఇత్తనం మిగల్సాల గదా. పండగనాడు దించుతాను. నానే సదువుతాను. అప్పుడు నన్ను లెక్కెట్టుకో."

"ఈలోగా మీరు చదివేశారా?" అని అడిగారాయన, ఆశగా.

"ఇత్తనం ఇప్పి సూత్తారేటి బాబూ, ఏ ఊరు మీది?"

తప్పు నాదే, నూకరత్నం. మార్చిలోగా అన్నీ అయిపోవాలని నేనే మురిసిపోతూ చెప్పాను. ఆవిడ నా ఉద్యోగాన్ని పొయ్యి మీద కట్టి కాపాడుతోంది.

ఆయన రిజిస్టరు మళ్ళీ తెరిచి చూసుకున్నారు. రిపోర్టు ఇవ్వడానికి ఏప్రిల్ నెలాఖరుదాకా గడువుందట. 'పరీక్ష కొనసాగుతున్నది' అని రాసి వెళ్ళారు. ఇప్పుడు అంతా ముసలమ్మ చేతిలో ఉంది. ఆవిడ నిజంగా చదవగలదో లేదో నాకు తెలియదు. కళ్ళజోడు వచ్చినప్పటి నుంచి రాత్రిళ్ళు పొయ్యి వెలుగులో పలక దిద్దుతోందని కనక చెప్పింది, నాకు మాత్రం ఎప్పుడూ చదివి చూపించలేదు.

రాజులమ్మ


పనసగుడ,
14 ఏప్రిల్ 1999

నూకరత్నం,

ముందు పని సంగతి రాస్తాను, ఎందుకంటే కింద ముగింపు ఉంది. తాయారమ్మ గారి పుస్తకాలు ఒక్కటి కూడా పకోడీలకి ఇవ్వకు. అన్నీ ఇక్కడికి కావాలి. కాఫీ సొసైటీ గదిలో గోడ చూశాను. నేను కూడా టేపుతో కొలిచాను. సరిపోతుంది.

ఇక పండుగ. మగవాళ్ళు వేటకి వెళ్ళారు. ఆడవాళ్ళు రివాజు ప్రకారం పండుగ చిల్లర కోసం రోడ్డుకి అడ్డంగా దుంగ వేసి వచ్చేపోయే బళ్ళని ఆపారు. గోపాలకృష్ణ గారి మోటారుసైకిల్నీ ఆపారు. ఆయన జేబులో చెయ్యి పెట్టబోతే చిట్టెమ్మ, "సిల్లర అక్కర్నేదు. ఎవుల మీద అనుమానమో సెప్పు, ఒగ్గుతాం" అంది. "పెళ్ళికొడుకు మేనమామ" అన్నారాయన సిగ్గుపడుతూ. దుంగ తీశారు.

విత్తనాల బుట్టలు దించారు. రాగులు, సామలు, కందులు. వాటి మధ్య గుడ్డలో చుట్టి మన పేజీలు, తేనెరంగుకి తిరిగి, పొగ వాసనతో. సోని ముసలమ్మ కళ్ళజోడు కట్టుకుంది.

ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివింది. వాక్యానికి ఒకసారి ఊపిరి తీసుకుంది. వేట నుంచి ఖాళీ చేతులతో వచ్చిన మగవాళ్ళు, వెక్కిరిస్తారేమోనని భయపడుతూ వచ్చి, ఎవరూ పట్టించుకోకపోయేసరికి చివర్లో కూర్చున్నారు. గాసి కర్ర లేకుండానే కూర్చున్నాడు.

తాయారమ్మ గారు హాల్లోంచి అందరినీ పంపించేసి, బామ్మగారి పక్కన ఒక్కతే కూర్చుందట. "జాడీ మీ మంచం కింది పెట్టెలోనే ఉంది కదండీ" అని మెల్లగా అడిగిందట. బామ్మగారు ఒప్పుకుందట. 'పెళ్ళిలో మాగాయి అంతా అయిపోతే, మళ్ళీ ఏడాది పిల్లలు దేనికోసం వస్తారు? అందుకని నేనే దాచాను.'

సోని ముసలమ్మ వేలు అక్కడ ఆగిపోయింది. ఆ వాక్యం మళ్ళీ చదివింది. కళ్ళజోడు పైకి ఎత్తి అందరినీ చూసింది.

"నా సంగతి ఈయమ్మకి ఎవులు సెప్పినారు?"

నవ్వులు కొండకి వినిపించి ఉంటాయి. సూపర్వైజరు గారు కళ్ళు తుడుచుకుంటూ రిజిస్టర్లో పదిహేనో పేరు రాశారు. మరో ఏడాదికి కేంద్రం ఉండాలని తన రిపోర్టులో రాస్తానన్నారు. తర్వాత ఆయనతో సహా అందరం కూర్చుని అన్నం తిన్నాం. మారు వడ్డించుకున్నారు. కంచం ఆయనే కడుక్కున్నారు, నేను చూశాను.

పేజీలు తిరిగి అతికిద్దామని లెక్కపెడితే ఒకటి తక్కువ. చిట్టచివరిది, తాయారమ్మ గారి మిగతా ముప్ఫై నవలల పేర్లున్న పేజీ. ఈసారి నేను ఎవరినీ మూడు ప్రశ్నలు అడగలేదు. సోని ముసలమ్మ ఇంటి పొయ్యి పైన కొత్త బుట్ట కట్టి ఉంది.

రాజులమ్మ


శృంగవరపుకోట,
20 ఏప్రిల్ 1999

టీచరమ్మా,

నీ ఉత్తరం 'కళ్ళజోడు కట్టుకుంది' దాకా చదివి మడిచేశాను. మిగతాది మా నాన్న చదివి, చాలాసేపు నవ్వి, పెట్టెలు కట్టడానికి తాడు తెచ్చాడు. ఎంత అడిగినా ముగింపు చెప్పలేదు. షాపు పోయినా నియమం నియమమేనట.

శుక్రవారం బస్సుకి వస్తున్నాను. రెండు ట్రంకు పెట్టెలు, మా దగ్గరున్న ఇరవై ఆరు నవలలు. సంత దగ్గర దించుకోడానికి గాసిని పంపు, కథ అయిపోయాక కర్ర పాతే పని ఉండదు కదా. ఆ ఆఖరి అధ్యాయం సోని ముసలమ్మే నాకు చదివి వినిపించాలి. నేను నల్లగింజలు ఏరుతాను.

అంతవరకు ఎవరూ నాతో ఏమీ అనకూడదు. చిట్టెమ్మతో మరీ గట్టిగా చెప్పు.

నూకరత్నం